ఏరిన బియ్యం

మా ఊళ్ళో కోటా బియ్యం వండుకుని తింటున్నామని ఎవరూ పైకి చెప్పుకోరు. రేషన్ షాపు నుంచి తెచ్చుకుంటారు, అట్లకి నానబోస్తారు, రవ్వ ఆడిస్తారు, మిగిలితే ఎవరికో ఇచ్చేస్తారు. అన్నానికి మాత్రం సన్నబియ్యం ఉండాలి. మండపేటలో ఏ వీధిలోంచి బయటికొచ్చినా ఒక రైస్ మిల్లు కనిపిస్తుంది. బియ్యం లారీల మధ్య పుట్టి పెరిగిన వాళ్ళకి బియ్యం విషయంలో ఆ మాత్రం పొగరు ఉంటుంది, నాకూ ఉండేది. నా కొడుకు మిల్లులోనే పనిచేస్తాడు. వాడి చొక్కా జేబు ఎప్పుడు తిరగేసి దులిపినా నాలుగు వడ్లగింజలు రాలతాయి. అలాంటి ఇంట్లో కోటా బియ్యం అన్నానికి ఎసట్లో పడతాయని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆ ఏడు మిల్లు సరిగ్గా ఆడలేదు. పనికి వెళ్ళిన రోజుకే కూలి కాబట్టి, నెలలో సగం రోజులు వాడు వీధి అరుగు మీద కూర్చుని ఫోను చూసుకునేవాడు. నేను చీరలకు ఫాల్స్ కుట్టి ఇస్తాను, పెళ్ళిళ్ళు లేని రోజుల్లో అదీ అంతంత మాత్రమే. సరిగ్గా అప్పుడే మా కోడలికి నెల తప్పింది. ఇల్లంతా సంతోషం. ఆ సంతోషంతో పాటే, ఈ పిల్లకి ఏం పెట్టాలి అన్న బెంగ కూడా నాకు మొదలైంది.

కోడలిది కోనసీమలో ఒక చిన్న పల్లె. దానికి ఏడేళ్ళప్పుడు వాళ్ళమ్మ రెండో కాన్పులో పోయింది. ఒంట్లో రక్తం లేక పోయిందని అందరూ అన్నారట. కడుపులోని బిడ్డా దక్కలేదు. మేనత్త పెంచింది. ఈ సంగతి పెళ్ళిచూపుల రోజున వేరే ఎవరో చెబుతారేమోనని అదే ముందుగా నాకు చెప్పేసింది. ఆ ధైర్యం చూసే నేను సంబంధం ఖాయం చేసుకున్నాను.

అయిదో నెలలో మా పేటకి వచ్చే నర్సమ్మ వేలు గుచ్చి రక్తం చూసింది. చీటీ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "పిన్నిగారూ, ఎనిమిదే ఉందండి. కాన్పు నాటికి పది దాటాలి. దాటకపోతే ఇక్కడ చెయ్యరండి, కాకినాడ పంపించేస్తారు. రక్తం ఎక్కించాల్సి రావచ్చు కూడాను" అంది.

కోడలు గచ్చు వైపు చూస్తూ కూర్చుంది. నర్సమ్మ మాత్రలు లెక్కపెట్టి ఇచ్చి, చెప్పులు వేసుకుంటుంటే, అప్పుడు నోరు విప్పింది.

"మా అమ్మకి ఎంతుండేదోనండి" అంది.

వంటింట్లోకి వెళ్ళి ఖాళీ గిన్నెను కడిగిందే మళ్ళీ కడిగాను. ఆ రోజు నుంచి నాకు ఎనిమిది, పది అనే రెండు అంకెలు తప్ప మరో ధ్యాస లేదు. దేవుడి ముందు నిలబడినా అవే గుర్తొచ్చేవి.

దానిమ్మకాయలు పెట్టమన్నవాళ్ళున్నారు, ఖర్జూరం పెట్టమన్నవాళ్ళున్నారు. సలహాకేముంది, నోటికి శ్రమ తప్ప ఇంకేం ఖర్చు కాదు. నేను మాత్రం గోడవైపు చూశాను. మా పెరటి గోడకి అవతల పక్కింటావిడ మునగచెట్టు ఉంది. దాని కొమ్మలు రెండు మా వైపు వాలి ఉంటాయి. గోడ దాటిన కొమ్మ మాదేనని నాకు నేనే తీర్పు చెప్పుకుని, రోజూ రెండు గుప్పిళ్ళ లేతాకు దూసుకునేదాన్ని. పెసరపప్పులో మునగాకు వేసి, దించేముందు వెల్లుల్లి చితక్కొట్టి పోపు పెడితే, వేవిళ్ళతో విసిగిపోయిన పిల్ల కూడా రెండోసారి కలుపుకుంది.

చవగ్గా వండటం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. పొద్దున్నే చోడిపిండితో, అదే రాగిపిండితో, జావ కాచి, చల్లారాక మజ్జిగ కలిపి ఇచ్చేదాన్ని. ఉలవలు ఉడికిస్తే ఆ నీళ్ళు చారుకి, ఆ ఉలవలు సాయంత్రం గుగ్గిళ్ళకి. తోటకూర తెస్తే ఆకు వేపుడికి, కాడలు పులుసులోకి. గోంగూరలో గుప్పెడు రొయ్యపొట్టు పడితే ఆ రోజు ఇంట్లో మాంసం వండినంత హడావుడి. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు నా ఎదుటే తినాలని రూలు పెట్టాను, లేకపోతే సగం మొగుడి కంచంలో వేస్తుంది. మాత్ర వేసుకునేటప్పుడు టీ తాగకూడదని నర్సమ్మ చెబితే, నిమ్మకాయ నీళ్ళిచ్చి ఎదురుగా నిలబడేదాన్ని. మా కోడలికి టీ అంటే ప్రాణం. గ్లాసు వైపు అది చూసే చూపుకి నాకే జాలేసేది, అయినా కరిగేదాన్ని కాదు.

అంతా బాగానే ఉంది గానీ, ఆరో నెలలో సన్నబియ్యం బస్తా అడుగంటింది. మళ్ళీ కొనే వీలు కనిపించలేదు. కడుపుతో ఉన్న పిల్లకి కోటా బియ్యం వండి పెట్టాల్సి వచ్చిందని నాకు ఎంత చిన్నతనంగా అనిపించిందో చెప్పలేను. పైగా అప్పటికే మా వీధిలో ఒక పుకారు తిరుగుతోంది. కోటా బియ్యంలో ప్లాస్టిక్ బియ్యం కలుపుతున్నారట. ఎవరి ఫోనులోనో వీడియో కూడా వచ్చింది, అందులో ఒకాయన గుప్పెడు గింజలు పెనం మీద మాడ్చి, చూడండి చూడండి అని అరుస్తున్నాడు.

నేను చేటలో పోసుకుని చూశాను. నిజమే, అక్కడక్కడా కొన్ని గింజలు తేడాగా ఉన్నాయి. మిగతావాటిలాగా నిగనిగ లేదు, సుద్దముక్కలా తెల్లగా, మొద్దుగా ఉన్నాయి. నీళ్ళలో వేస్తే పైకి తేలాయి. అసలే రక్తం లేని పిల్ల, ఆపైన కడుపులో బిడ్డ, వాళ్ళకి నేను ప్లాస్టిక్ పెడతానా?

ఆ రోజు నుంచి ఏరడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక, రాత్రికీ మర్నాటికీ కావలసిన బియ్యం చేటలో పోసుకుని, కళ్ళజోడు తగిలించుకుని, పెరటి గుమ్మంలో వెలుతురుకి కూర్చునేదాన్ని. సూదిలో దారం ఎక్కించే కళ్ళు నావి, ఒక్క గింజ తప్పించుకోదని గర్వం. గంటసేపు ఏరేసరికి మెడ పట్టేసేది, కళ్ళ వెంట నీళ్ళు కారేవి. కోడలు గుమ్మానికి ఆనుకుని కూర్చుని నన్నే చూస్తుండేది. ఒక్కోసారి, "చాల్లెండి అత్తయ్యగారూ, మెడ నొప్పెడుతుంది" అనేది. "నువ్వు ఊరుకో అమ్మాయ్, నీకేం తెలీదు" అనేదాన్ని. అది నవ్వి ఊరుకునేది. మా ఇద్దరికీ ఆ గంట బాగుండేది. వాళ్ళ ఊరి పడవ రేవు గురించీ, వాళ్ళమ్మ జడ వేసే పద్ధతి గురించీ అది నాకు చెప్పిందంతా ఆ గుమ్మంలోనే.

ఏరిన గింజలు పారేయలేదు. ఒక స్టీలు మూతలో వేసి వంటింటి కిటికీ గూట్లో పెట్టేదాన్ని. మూత నిండాక రేషన్ డీలరు దగ్గరికి పట్టుకెళ్ళి, పదిమంది ముందు మొహాన పెట్టి అడగాలని నా ఎత్తు. ఏమని అడగాలో కూడా తయారు చేసుకున్నాను. కానీ ఆ మూత ఎన్నాళ్ళకీ నిండదు! ఇవాళ పిడికెడు ఏరి పెడితే మర్నాటికి రెండు మూడు గింజలు అంటుకుని ఉంటాయి, అంతే. పక్కింటావిడకి ఒక ఎర్ర కోడిపెట్ట ఉంది. దానికి మా పెరడంటే మహా ఇష్టం. ఇంకెవరు తింటారు?

గోడ దగ్గర నిలబడి పిలిచాను. "మీ కోడి మా కిటికీ గూట్లో బియ్యం మింగేస్తోందండి. కాస్త కట్టేసుకోండి" అన్నాను.

"మా కోడి కిటికీ ఎక్కుద్దేంటండీ? మరీ చెబుతారు" అందావిడ. ఊరుకుంటుందా? "అయినా మా చెట్టుకి ఆకు కూడా తెల్లారేసరికి మాయమైపోతోందండి. అది కూడా మా కోడే దూస్తోందేమో!"

నాకు ఒళ్ళు మండింది. మండటానికి కారణం ఆవిడ అన్నది నిజం కావడమే. పంతానికి మూడు రోజులు ఆ కొమ్మ ముట్టుకోలేదు. నాలుగో రోజు కోడలే వీధి వైపు నుంచి వెళ్ళి, ఆవిడని నవ్వుతూ అడిగి, కొంగు నిండా ఆకు తెచ్చింది. "ఆవిడే కోసిచ్చారండి. మంచావిడండి" అంది. నేను వినిపించుకోనట్టు ఉల్లిపాయలు తరిగాను.

కోడిని మాత్రం వదల్లేదు. ఎనిమిదో నెలలో ఒక సాయంత్రం, చీపురు చేతిలో పట్టుకుని వంటింటి తలుపు చాటున నక్కి నిలబడ్డాను. కోడి వచ్చిందా, ఇక దాని పని అయిపోయినట్టే. పొయ్యి మీద ఎసరు కాగుతోంది. కోడి రాలేదు. మా కోడలు వచ్చింది. కడిగిన బియ్యం గిన్నె గట్టు మీద పెట్టింది. పెరటి వైపు తొంగి చూసింది, నేను అక్కడ ఉన్నాననుకుంది కాబోలు. గూట్లోంచి మూత తీసి, అందులో ఉన్న గింజలన్నీ బియ్యంలోకి ఒంపేసి, చేత్తో ఒకసారి కలియతిప్పి, మూత మళ్ళీ ఉన్నచోటే పెట్టింది. ఒక్క రోజు చేసిన పని కాదది, చేతికి అలవాటైన పని.

"ఏంటే అది!" అని నేను వేసిన కేకకి అవతల కోడి కూడా అరిచింది. చీపురుతోనే ముందుకు వచ్చాను. "ప్లాస్టిక్ తింటావా? కడుపులో బిడ్డ ఉందని కూడా లేదా నీకు? నేను కళ్ళు పోయేలా ఏరేది ఎందుకనుకున్నావు?"

అది బెదిరిపోయింది. అయినా గిన్నెలోంచి ఒక తెల్లగింజ వెతికి తీసి, నా అరచేతిలో పెట్టింది. "నలపండి" అంది.

తడి తగిలిన గింజ కదా, రెండు వేళ్ళ మధ్య గట్టిగా నలిపితే పిండైంది. వాసన చూశాను. బియ్యప్పిండి వాసన.

"బియ్యప్పిండేనండి. అందులో ఐరన్ కలిపి మళ్ళీ గింజలాగా చేస్తారటండి. రక్తం తక్కువున్నవాళ్ళ కోసమేనండి. అంగన్‌వాడీలో చెప్పారు" అంది.

నేను అక్కడే పీట మీద కూలబడ్డాను. రెండు నెలలుగా రోజూ గంటసేపు మెడ విరుచుకుని నేను ఏరి పక్కన పెట్టింది ఇదా? ఈ పిల్లకి ఏది కావాలని రాత్రీ పగలూ మొక్కుకున్నానో, దాన్నే వెతికి వెతికి, ఒక్క గింజ కూడా మిగలకుండా తీసేశానా? నా కళ్ళ మీద నాకు అంత గర్వం! ఇది మళ్ళీ కలుపుకోకపోయి ఉంటే ఏమయ్యేదో!

పీట మీద నుంచే అడిగాను. "నీకెప్పుడు తెలిసింది?"

"మొదట్నుంచీ తెలుసండి."

"మరి నాకు చెప్పి చావలేదేం? ఆ కోడితోటీ, దాని యజమానితోటీ పోట్లాడాను కదే!"

అది నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. ఎసరు మరుగుతోంటే మంట తగ్గించింది. నా వైపు చూడకుండా, గిన్నెలో బియ్యాన్ని చేత్తో కదుపుతూ చెప్పింది.

"మా మేనత్త మంచిదేనండి. నాకు ఏ పూటా తిండికి లోటు చెయ్యలేదు. కానీ అంతమందిలో నా ఒక్కదాని కోసం అని ఎవరూ ఏమీ చెయ్యలేదండి. మీరు కళ్ళజోడు పెట్టుకుని, నీళ్ళు కారుతున్నా తుడుచుకుంటా, నా కోసం బియ్యం ఏరుతుంటే... అమ్మ ఉంటే ఇలాగే కూర్చునేదేమో అనిపించేదండి. చెబితే మీరు మానేస్తారు కదా. అందుకని చెప్పలేదండి."

నాకు ఏడుపు వచ్చేసింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. లేచి దాన్ని దగ్గరికి తీసుకున్నాను. ఇంత పొట్ట మా ఇద్దరి మధ్యా అడ్డం, సరిగ్గా పట్టుకోవడం కూడా కుదరలేదు. చేతిలో చీపురు ఇంకా అలాగే ఉందని తర్వాత చూసుకున్నాను.

మర్నాడు ఒక గిన్నెడు ఉలవచారు కాచి పక్కింటికి తీసుకెళ్ళాను. కోడి తప్పేం లేదని ఒప్పుకున్నాను. ఎందుకో చెప్పలేదు, ఆవిడ అడిగినా చెప్పలేదు. "అయితే ఈ చారు నాకాండీ, కోడికాండీ?" అని అడిగింది. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పటి నుంచి మునగాకు ఆవిడే కోసి గోడ మీద పెడుతోంది.

తొమ్మిదో నెలలో నర్సమ్మ మళ్ళీ వేలు గుచ్చింది. నేను అటు చూడలేక గోడ మీది కేలెండరు చూస్తూ నిలబడ్డాను. "పదీ పాయింటు నాలుగండీ పిన్నిగారూ! ఇక్కడే కాన్పు చేయించుకోవచ్చండి" అంది. నేను ఇంకోసారి చూడమన్నాను. ఆవిడ నవ్వి, చీటీ నా చేతికే ఇచ్చింది. మునగాకు ఎక్కించిందో, మాత్రలు ఎక్కించాయో, నేను ఏరితే అది మళ్ళీ కలుపుకున్న ఆ గింజలే ఎక్కించాయో నాకు తెలియదు. చీటీ మాత్రం దేవుడి గూట్లో పెట్టాను.

కాన్పు మా ఊరి ఆసుపత్రిలోనే అయింది. ఆడపిల్ల. లోపలి నుంచి బిడ్డ ఏడుపు వినబడినా నేను కదలలేదు. తల్లి ఎలా ఉందో చెప్పమని తలుపు దగ్గరే నిలబడ్డాను. నర్సు పక్కకి తప్పుకుంటే, మంచం మీద నుంచి అది నన్ను చూసి, "టీ ఇప్పిస్తారా అత్తయ్యగారూ?" అంది. నా కోడలు దక్కిందని నాకప్పుడు నమ్మకం కలిగింది. ఇప్పించాను.

పురుడు వెళ్ళాక గానుగ దగ్గరికి పోయి తాజా తెలగపిండి తెచ్చాను. నువ్వులనూనె తీయగా మిగిలిన పిండి అది, మా వైపు బాలింతలకి అదే బలం. మునగాకు ఉడుకుతున్న నీళ్ళలో చల్లి, పొడిపొడిగా అయ్యేదాకా కలియబెట్టి, ఎండుమిర్చీ వెల్లుల్లీ పోపు పెట్టి, వేడన్నంలో కలిపి పెడితే పాలకి కొదవ ఉండదు. మిల్లు అప్పటికింకా పూర్తిగా పుంజుకోలేదు, ఇంట్లో కోటా బియ్యమే. వాటిని ఇక నేను ఏరడం మానేశాను. తెల్లగింజలు కనిపిస్తే కళ్ళకద్దుకుని కడిగేదాన్ని. మధ్యాహ్నాలు మాత్రం నాకు తోచేది కాదు. చేట గోడకి ఆనించి ఉండేది. కోడలు పిల్లకి పాలిస్తూ ఆ గుమ్మం వైపు చూసి, మళ్ళీ తల దించుకునేది. నేనూ చూసీ చూడనట్టు ఫాల్స్ కుట్టుకునేదాన్ని.

కొన్నాళ్ళకి ఒక రోజు బియ్యం కడగబోతే అందులో అయిదారు వడ్లగింజలు కనిపించాయి. ఏదో వచ్చి ఉంటాయిలే అని తీసేశాను. మర్నాడు మళ్ళీ ఉన్నాయి. ఆ మర్నాడూ ఉన్నాయి. కోటా బియ్యంలో మట్టిబెడ్డలూ నూకలూ ఉంటాయేమో గానీ, రోజూ లెక్క తప్పకుండా వడ్లు ఎక్కడివి అనుకున్నాను.

ఆ సాయంత్రం పెరట్లో బట్టలు తీస్తుంటే కనబడింది. కోడలు చంటిపిల్లని భుజాన వేసుకుని, ఉతకడానికి పడేసిన మొగుడి చొక్కా తీసింది. జేబు తిరగేసి అరచేతిలోకి దులుపుకుంది. పిడికిలి మూసి బియ్యం డబ్బా దగ్గరికి వెళ్ళింది.

నేను ఆరిన బట్టల చాటున అలాగే ఆగాను. అది గదిలోకి వెళ్ళిందాకా ఉండి, అప్పుడు లోపలికొచ్చాను. కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాను. చేటలో బియ్యం పోసుకుని గుమ్మంలో కూర్చుని, లోపలికి వినబడేలా అన్నాను.

"ఏంటమ్మాయ్ ఈ బియ్యం, ఇన్ని వడ్లున్నాయి! ఏరకపోతే గొంతుకి అడ్డం పడవూ?"

పిల్లని ఒళ్ళో వేసుకుని అది వచ్చి, ఎప్పటిలాగే గుమ్మానికి ఆనుకుని కూర్చుంది.

"అవునండి. నిదానంగా ఏరండి" అంది.

తనకి తెలిసిన సంగతి కోడలు నాకు రెండు నెలలు చెప్పలేదు. నాకు తెలిసిన సంగతి నేను దానికి ఇప్పటికీ చెప్పలేదు.